మనుషులు లేకనా, కూలి లేకనా

మా అవ్వకు చదువు రాదు. అయినా రెండో ప్రపంచ యుద్ధం నాటి రైల్వే పనివాళ్ళ కొరత గురించి నేను చదివినవాటిలోనూ విన్నవాటిలోనూ అన్నిటికన్నా గట్టి మాట అన్నది ఆమే. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక సాయంత్రం గుంతకల్లులో మా ఇంటి వసారాలో కూర్చొని, పరీక్ష కోసం పాఠం పైకి చదువుకుంటున్నాను. యుద్ధకాలంలో రైళ్ళు నడపడానికి తగినంత మంది మనుషులు దొరకలేదన్న వాక్యం వచ్చింది. పక్కనే చాటలో బుడ్డలు పోసుకొని ఒలుస్తున్న అవ్వ చేయి ఆపింది. “మనుషులు ల్యాకపోయేదేంది నాయనా? ఊరి నిండా మనుషులే. కూలి ల్యాకపాయ గానీ, మనుషులు ల్యాక కాదు” అని, మళ్ళీ ఒలుచుకోసాగింది.

ఆ మాట అనే అధికారం ఆమెకు ఉంది. మా తాత గుత్తికీ గుంతకల్లుకూ మధ్య పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్. అవ్వ యుద్ధం నడుస్తున్న కాలంలో రెండేళ్ళ పాటు ఒక కంట్రాక్టరు కింద తట్టతో కంకర మోసింది. ఆ కంట్రాక్టరు ఎవరో ఆమెకు తెలియదు. ఆమెకు తెలిసింది మేస్త్రీ ఒక్కడే. ఈ మధ్య కొన్ని నెలలుగా, అదే యుద్ధకాలంలో అమెరికా రైల్వేలు మనుషుల కోసం పడిన తిప్పల గురించి చదువుతూ వచ్చాను. ఎక్కడి కాలిఫోర్నియా, ఎక్కడి గుత్తి అనిపించినా, చదివిన కొద్దీ చాట ముందు కూర్చొని అవ్వ అన్న మాటే అడ్డం తగులుతూ వచ్చింది. అందుకే ఈ రెండు సంగతులనూ ఒకచోట రాసుకోవాలనిపించింది.

ముందు అమెరికా లెక్క చూద్దాం. 1929లో అక్కడి పెద్ద రైల్వే కంపెనీలన్నిటిలో కలిపి 16 లక్షలకు పైగా ఉద్యోగులు ఉండేవారు. ఆ తర్వాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో సరుకు తగ్గింది, చాలా కంపెనీలు దివాలా తీశాయి, మనుషులను తీసేశారు. 1940 నాటికి మిగిలింది దాదాపు 10 లక్షల మంది. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి జరిగి అమెరికా యుద్ధంలోకి దిగింది. 1944 నాటికి సరుకు రవాణా 1940లో ఉన్నదానికి రెండింతలయింది, ప్రయాణికుల రాకపోకలు నాలుగింతలయ్యాయి, ఉద్యోగులు మాత్రం 14 లక్షల దగ్గర ఆగిపోయారు. పని రెండింతలు, నాలుగింతలు పెరిగితే, పని చేసే చేతులు నూటికి నలభై మాత్రమే పెరిగాయన్నమాట. ఇంట్లో రైల్వే మనిషి ఉన్న వాళ్ళకు ఈ లెక్కను విడమరచి చెప్పనక్కరలేదు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్న డ్రైవరు గుమ్మం దగ్గరికి, డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ మళ్ళీ పుస్తకం పట్టుకొని వచ్చేవాడు, సంతకం పెట్టి ఎంగిలి చేత్తోనే లేవాల్సి వచ్చేది. అక్కడ అప్పట్లో అమల్లో ఉన్న 1907 నాటి చట్టం ప్రకారం రైలు మీది సిబ్బందిని ఏకబిగిన 16 గంటలకు మించి పనిచేయించకూడదు. పదహారు గంటలంటే ఎంతో, పొయ్యి ముందు నిలబడి బొగ్గు వేసిన వాడిని అడగాలి.

సరుకు అంతగా ఎందుకు పెరిగిందంటే, సముద్రం మీదా రోడ్డు మీదా పోవలసినదంతా పట్టాల మీదికి వచ్చి పడింది. 1942లో అట్లాంటిక్ తీరం పొడవునా జర్మనుల జలాంతర్గాములు చమురు ఓడలను వరసగా ముంచేయడంతో, టెక్సాస్ చమురు తూర్పు తీరానికి ట్యాంకు వ్యాగన్లలో పోవలసి వచ్చింది. మలయా, డచ్చి దీవుల (ఇప్పటి ఇండోనేషియా) రబ్బరు తోటలు జపాను చేతికి చిక్కడంతో టైర్లకు రేషన్ వచ్చింది, ఆ టైర్లు అరిగిపోకుండా పెట్రోలుకు కూడా రేషన్ పెట్టారు; కార్లున్న వాళ్ళు సైతం స్టేషన్లలో వరస కట్టారు. సరిగ్గా ఆ నెలల్లోనే మనుషులు జారిపోవడం మొదలైంది. వయసులో ఉన్న వాళ్ళను సైన్యం పిలిచింది. సైన్యానికి పోని వాళ్ళను ఓడలు కట్టే యార్డులు, విమానాల ఫ్యాక్టరీలు లాక్కున్నాయి, ఎందుకంటే అక్కడ కూలి ఎక్కువ. ధరలు అదుపు తప్పకూడదని ప్రభుత్వం జీతాల పెంపుదలకు కళ్ళెం వేసింది కాబట్టి, రైల్వేలు కూలి పెంచి మనుషులను నిలుపుకోవాలన్నా వీలు అంతంత మాత్రమే. ఆ జీతాల తగాదాతోనే 1943 చివర కార్మిక సంఘాలు సమ్మెకు సిద్ధపడ్డాయి. డిసెంబరు 27న ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ రైల్వేలను ప్రభుత్వ స్వాధీనంలోకి తీసుకొని, తగాదా తీరాక 1944 జనవరి 18న కంపెనీలకు తిరిగి ఇచ్చేశాడు. కాగితాల మీద దీనంతటి పేరు మనుషుల కొరత.

అయితే ఆ కొరత అన్ని పనులకూ ఒకేలా రాలేదు. డ్రైవరు, గార్డు, టెలిగ్రాఫ్ మనిషి తయారు కావడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి వాళ్ళను పోగొట్టుకోకుండా కంపెనీలు నానా తంటాలు పడ్డాయి. రిటైరైన వాళ్ళను బతిమాలి వెనక్కి పిలిచాయి, బడి వదిలిన కుర్రవాళ్ళను చేర్చుకున్నాయి. అందరికన్నా ముందు ఖాళీ అయింది, అందరికన్నా తక్కువ కూలి ఉన్న పట్టాల పని. ఆ పని ఎలాంటిదో నాకు తాత చెప్పగా తెలుసు. ఆయన రిటైరైన తర్వాత, ఆయన చేతి కింద పని నేర్చుకున్న గ్యాంగు చేస్తుండగా కట్ట పక్కన నిలబడి చూశాను కూడా.

బండ్లు పోయి పోయి, పట్టాలకు అడ్డంగా కింద ఉండే స్లీపరు కింద కంకర నలిగి కుంగుతుంది. గ్యాంగుకు పెద్ద అయిన మేటు కట్ట మీద మోకాళ్ళూని, చెంప పట్టాకు ఆనుతుందా అన్నంత కిందికి వంగి, ఒక కన్ను మూసి పట్టా పొడవునా చూస్తాడు. దూరంగా ఉన్న మనిషికి చేయి ఊపి ఎక్కడ దిగిందో, ఎక్కడ లేచిందో చెబుతాడు. గడ్డపారలతో పట్టాను కాస్త లేపి పట్టుకుంటే, నలుగురు మనుషులు స్లీపరుకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి బీటర్లతో కంకరను దాని కిందికి కొట్టి కూరుతారు. నలుగురి దెబ్బా ఒకే బరువుతో పడాలి. ఒకడు మెత్తగా కొడితే అటువైపు స్లీపరు బండి కింద ఊగుతుంది, ఆ ఊపు డ్రైవరు నడుముకు తెలుస్తుంది, మరునాడు మేటుకు తిట్లు తప్పవు. దెబ్బలు కలవడానికే వాళ్ళకు పాట, పాడేవాడు ఆ రోజు రాకపోతే పని సగమే జరిగేదని తాత అనేవాడు. ఇది చాలక కీమన్ ప్రతి రోజూ సుత్తి, స్పానరు పట్టుకొని తన బీటు పొడవునా నడుస్తూ పట్టాను స్లీపరుకు పట్టి ఉంచే ఇనుప ‘కీ’లు వదులైతే బిగించాలి, పట్టాలను ఒకదానితో ఒకటి కలిపే ఫిష్‌ప్లేట్లు చూడాలి. మా జిల్లా ఎండలో మే నెల మధ్యాహ్నం పట్టా మీద అరచెయ్యి పెట్టి ఒకటి నుంచి మూడు దాకా లెక్కపెట్టగలిగిన వాడిని నేను చూడలేదు. పది పన్నెండు మంది గ్యాంగులో ముగ్గురు తగ్గితే ఆ రోజు బండ్లేమీ ఆగిపోవు, ఆరు నెలల తర్వాత తెలుస్తుంది. అందువల్లనేమో, పట్టాల మనిషి పోతే అడ్డం పడి ఆపుకునే వాడు ఉండడు.

అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఈ పనికి అప్పటికి చాలాకాలంగా ఉన్నది మెక్సికో నుంచి వచ్చిన వాళ్ళు. 1930లలో మాంద్యం వచ్చి ఉద్యోగాలు లేనప్పుడు, మెక్సికో మూలాలున్న లక్షల మందిని, అక్కడే పుట్టి పౌరసత్వం ఉన్న వాళ్ళతో సహా, సరిహద్దు దాటించారు. పదేళ్ళు తిరగకుండానే, 1943 వసంతంలో, అదే అమెరికా ప్రభుత్వం మెక్సికో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని పట్టాల పనికి మనుషులను పంపమని అడిగింది. మొదట సదరన్ పసిఫిక్ రైల్వే కోసం 6 వేల మంది అనుకున్నది, యుద్ధం ముగిసేసరికి లక్ష దాటింది. వాళ్ళను బ్రసేరోలు అన్నారు. ‘బ్రసో’ అంటే వాళ్ళ భాషలో చేయి. మనకు మాత్రం కొత్తా? పొలానికి ‘పది ఆళ్ళు’ కావాలంటాం, మనిషి పేరు ఎవరూ అడగరు.

వాళ్ళ కూలిలో నూటికి పది చొప్పున పొదుపు పేరిట పట్టుకొని, ఊరికి తిరిగి వెళ్ళాక ఇస్తామని మెక్సికో బ్యాంకులకు పంపారు. చాలామందికి ఆ డబ్బు అందలేదు. ముసలివాళ్ళయ్యాక వాళ్ళూ వాళ్ళ పిల్లలూ అమెరికా కోర్టుల్లో దావాలు వేశారు; 2008లో మెక్సికో ప్రభుత్వం, కాగితాలు చూపగలిగిన వాళ్ళకు తలా మూడున్నర వేల డాలర్లు ఇవ్వడానికి రాజీ పడింది. అరవై ఏళ్ళ నాటి కూలి కాగితాన్ని ఎవరు దాచిపెట్టుకుంటారో నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో నిరుటి కరెంటు బిల్లు దొరకదు.

ఇంకొక సంగతి చదివినప్పుడు మాత్రం, కొరత అన్న మాట మీదనే నాకు నమ్మకం సడలిపోయింది. అలబామాలో లూయివిల్ అండ్ నాష్‌విల్ రైల్వేలో బెస్టర్ విలియం స్టీల్ అనే నల్లజాతి ఫైర్‌మన్, అంటే ఇంజన్ పొయ్యిలో బొగ్గు వేసే మనిషి, ఉండేవాడు. దక్షిణాదిలో ఫైర్‌మన్ పని చాలాకాలం నల్లవాళ్ళదే, ఎందుకంటే అది మసి పని, నడుం విరిగే పని. బొగ్గును దానంతట అదే పొయ్యిలోకి నెట్టే యంత్రాలు, ఆ తర్వాత డీజిలు ఇంజన్లు వచ్చి పని కాస్త శుభ్రపడేసరికి తెల్లవాళ్ళ కన్ను దాని మీద పడింది. తెల్లవాళ్ళు మాత్రమే సభ్యులుగా ఉన్న ఫైర్‌మన్ల యూనియన్, 1941 ఫిబ్రవరిలో కంపెనీలతో ఒప్పందం చేసుకొని నల్లవాళ్ళ సంఖ్యకు హద్దు పెట్టించింది. దాంతో ఎంతో సీనియారిటీ ఉన్న స్టీల్‌ను మంచి లింకు (డ్యూటీల వరస) నుంచి తప్పించి, తక్కువ డబ్బు వచ్చే, ఎక్కువ ఒళ్ళు విరిగే పనికి నెట్టారు. అతడు కోర్టుకెక్కాడు. 1944 డిసెంబరు 18న అమెరికా సుప్రీంకోర్టు, అందరి తరఫున మాట్లాడే యూనియన్ అందరికీ న్యాయంగా మాట్లాడాలని అతడి పక్షాన తీర్పు చెప్పింది. ఇదంతా జరిగింది మనుషులు దొరకడం లేదని కంపెనీలు పొరుగు దేశానికి రైళ్ళు పంపి జనాన్ని తెచ్చుకుంటున్న రోజుల్లోనే. పని తెలిసిన వాడు కళ్ళ ముందే ఉన్నాడు, అతడిని లెక్కలోకి తీసుకోవడానికి మనసు రాలేదు.

మనవైపు కూడా ఆ రోజుల్లో మెయిలు బండి డ్రైవరు, గార్డు అంటే దొరలో, ఆంగ్లో ఇండియన్లో. వాళ్ళకు వేరే కాలనీ, డ్యూటీ దిగాక పడుకోవడానికి వేరే రన్నింగ్ రూము. తాత వాళ్ళను తప్పు పట్టేవాడు కాదు, అందులో ఇద్దరు ముగ్గురు తనకు బీడీలు ఇచ్చేవారని కూడా చెప్పేవాడు. కానీ ఇరవై ఏళ్ళు ఫైర్‌మన్‌గా బొగ్గు వేసిన మన మనిషి గూడ్సు దాటి మెయిలు ఎక్కలేకపోవడానికి కారణం చేతకానితనం కాదని అందరికీ తెలుసు.

ఇక మన రైల్వేల మీద యుద్ధం ఇంకో దారిలో పడింది. మన దగ్గరి నుంచి ఇంజన్లు, వ్యాగన్లు, పట్టాలు మధ్యప్రాచ్యానికి ఓడలెక్కాయి. చిన్న చిన్న బ్రాంచి లైన్లను ఊడబెరికారు. కేరళలో షోరనూరు-నీలంబూరు, తమిళ దేశంలో మదురై-బోడినాయకనూరు లైన్లు అలా పోయి, స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత గానీ తిరిగి పడలేదు. వర్క్‌షాపుల్లో బోగీల బదులు యుద్ధ సామగ్రి చేయించారు. ఇనుముతో పాటు మనుషులూ పోయారు. రైల్వే పని తెలిసిన వాళ్ళను సైన్యంలోని రైల్వే దళాల్లోకి తీసుకొని ఇరాక్, ఇరాన్ దాకా పంపారు. మిగిలిన వాళ్ళ మీద బర్మా యుద్ధం వచ్చి పడింది. అస్సాం వైపు మీటర్‌గేజి లైను ఆ బరువు మోయలేకపోతోందని, 1944 మార్చి 1 నుంచి బెంగాల్ అండ్ అస్సాం రైల్వేలో కొంత భాగాన్ని అమెరికా సైనిక రైల్వే దళాలకు అప్పగించారు. ఆ దళాలు ఎక్కడివి? న్యూయార్క్ సెంట్రల్, వాబాష్ వంటి కంపెనీలు తమ సొంత ఉద్యోగులతో, సొంత ఫోర్‌మన్లతో సైన్యానికి తయారుచేసి ఇచ్చినవి.

ఈ గొలుసును నేను చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. మన రైల్వే మనిషి ఇరాన్‌కు పోయాడు. మన దగ్గర నడపలేకపోతున్నారని అమెరికా రైల్వే మనిషి అస్సాంకు వచ్చాడు. అమెరికాలో మనుషులు చాలడం లేదని మెక్సికో మనిషి కాలిఫోర్నియాకు పోయాడు. ఆ సమయంలో మెక్సికో రైల్వేలే పాడుబడి ఉన్నాయని, బాగుచేయడానికి 1942లోనే అమెరికా ఒక నిపుణుల బృందాన్ని అక్కడికి పంపింది. ఒకడి స్థానంలో ఒకడు అచ్చంగా ఇలాగే మారాడని నా వాదన కాదు. అందరి ఇంట్లోనూ దుప్పటి పొట్టిదే అయినప్పుడు, తల మీదికి లాగితే కాళ్ళు బయటపడతాయి.

మా వైపు లైను మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేది, అందరూ ఎం.ఎస్.ఎం. అనేవారు. మద్రాసు నుంచి కడప, గుత్తి, గుంతకల్లు మీదుగా రాయచూరు వైపు పోయే బ్రాడ్‌గేజి మీద మద్రాసు-బొంబాయి రాకపోకలన్నీ సాగేవి. గుంతకల్లులో దానికి బళ్ళారి, నంద్యాల, ధర్మవరం వైపుల నుంచి మీటర్‌గేజి లైన్లు వచ్చి కలిసేవి. గేజి మారిన ప్రతి బస్తానూ ఒక వ్యాగన్ నుంచి దించి ఇంకొక దాంట్లోకి ఎత్తాలి. అంటే మామూలు రోజుల్లోనే గుంతకల్లుకు మనుషులు ఎక్కువ కావాలి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. మద్రాసు జనం పట్నం వదిలి లోపలి జిల్లాలకు పోటెత్తారు. బోగీల్లో చోటు లేక కిటికీల్లోంచి పిల్లలను అందించుకున్న సంగతి తాత చెబుతుంటే, అదేదో తిరునాళ్ళ కథలా వినేవాళ్ళం. 1944 ఏప్రిల్ 1న కంపెనీ చేతిలోంచి ఎం.ఎస్.ఎం.ను ప్రభుత్వం తీసేసుకుంది. గ్యాంగులో ఆ తేదీ ఎవరికీ గుర్తు లేదు.

గుర్తున్నది 1942 ఆగస్టు. క్విట్ ఇండియా పిలుపుకు ముందే ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు పేరిట జిల్లాలకు ఒక రహస్య సర్క్యులర్ వెళ్ళింది. అది కర్నూలులో పోలీసులకు దొరకడంతో చరిత్రలో దానికి కర్నూలు సర్క్యులర్ అనే పేరు స్థిరపడింది. గొలుసు లాగి రైళ్ళు ఆపడం, టెలిగ్రాఫ్ తీగలు తెంచడం దాంట్లో ఉన్నాయి. ప్రాణాపాయం కలగకూడదు, పట్టాలు తీయకూడదన్న జాగ్రత్తా ఉంది. ఆ ఆగస్టులో తెనాలి స్టేషను తగలబడింది. ఇక పగలు బీటరు పట్టిన మనుషులనే రాత్రి కట్ట మీద కాపలాకు తిప్పారు. చేతిలో దీపం, నడుముకు, ప్రమాదం ఉంటే బండి ఆపడానికి పట్టాల మీద పెట్టే టపాకాయల డబ్బీ, భుజాన కర్ర. తాతకు ఆ ఉద్యమం అంటే గౌరవం ఉండేది, రాత్రి కాపలా అంటే ఒళ్ళు మంట ఉండేది. రెండూ ఒకే నోటితో చెప్పేవాడు, వాటి మధ్య వైరుధ్యం ఉన్నట్టు ఆయనకు ఎప్పుడూ అనిపించలేదు. కట్ట మీద నడుస్తూనే నిద్రపోవడం అప్పుడే నేర్చుకున్నానని, స్లీపరు స్లీపరుకూ కాలు దానంతట అదే పడేదని అనేవాడు.

ఇప్పుడు కూలి సంగతి. జీతంతో పాటు ఇచ్చే డియర్‌నెస్ అలవెన్సును మనం తెలుగులో కరువు భత్యం అంటాం. రాయలసీమలో పుట్టిన వాడికి ఆ మాట వినగానే వాన రాని ఏడాది గుర్తుకొస్తుంది, కానీ అది పుట్టింది యుద్ధపు ధరల్లోంచి. యుద్ధం మొదలైన వెంటనే ధరలు ఎగబాకడంతో, జి.ఐ.పి. (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వే కార్మికుల కోరిక మీద 1940లో బి.ఎన్. రావు అధ్యక్షతన విచారణ కోర్టు వేశారు. రైల్వేల్లో కరువు భత్యం దాని తర్వాతే కుదురుకుంది. 1942లో బర్మా చేజారి అక్కడి బియ్యం ఆగిపోయాక డబ్బు ఇచ్చినా తిండి దొరకని స్థితి వచ్చింది, అప్పుడు రైల్వేలు ఉద్యోగుల కోసం గ్రెయిన్ షాపులు తెరిచి తక్కువ ధరకు ధాన్యం ఇచ్చాయి. యుద్ధం ముగిసిన తర్వాత వరదాచారి అధ్యక్షతన వచ్చిన మొదటి వేతన సంఘం 1947లో అట్టడుగు ఉద్యోగికి సూచించింది 30 రూపాయల జీతం, 25 రూపాయల కరువు భత్యం. ఆ రెండో అంకెను ఒక్క క్షణం చూడండి. ఆరేళ్ళ యుద్ధం మనిషి జీతానికి దాదాపు ఇంకో జీతాన్ని తోకలా తగిలించి పోయింది; ఆ తోక లేని రోజుల్లో వాళ్ళు ఏం తిని బీటరు ఎత్తారో అవ్వను అడగాలి.

అడిగాను కూడా. గ్రెయిన్ షాపులో ఒకసారి గోధుమలు ఇచ్చారట. కొర్రలు, జొన్నలు, రాగులు తప్ప ఎరగని ఇల్లు. ఏం చేయాలో తెలియక అవ్వ వాటిని విసిరి సంగటి చేసింది. జిగురు జిగురుగా గెంటెకు అంటుకొని ముద్ద కట్టలేదు, మా తాత దాన్ని మజ్జిగలో కలుపుకొని తాగి పనికి పోయాడు. “దొరలు యుద్దమెట్ల గెలిసిరో గానీ, ఆ సంగటి తిని మాత్రం గాదు” అనేది అవ్వ. ఉత్తర దేశపు సిపాయి ఒకడు స్టేషనులో రొట్టె చేసుకోవడం చూసొచ్చి, పక్కింటామె చెప్పాక గానీ గోధుమలు ఇంట్లో చెల్లలేదు.

జీతం చాలక అవ్వ కంకర పనికి పోయింది. రోజుకు ఆరణాలు. క్వారీ దగ్గర మగవాళ్ళు సుత్తితో కొట్టిన రాయిని ఆడవాళ్ళు తట్టకెత్తుకొని కట్ట ఎక్కి పోయాలి. కట్ట ఏటవాలులో కంకర కాళ్ళ కింద జారుతుంది కాబట్టి, మడమ ముందు పెట్టి వేలు తర్వాత పెట్టే నడక ఒకటి వాళ్ళకు వచ్చింది. డెబ్భై ఏళ్ళు దాటాక కూడా అవ్వ మెట్లు ఎక్కితే ఆ నడకే. అమెరికాలో యుద్ధం చివరికి రైల్వేల్లో పనిచేసిన ఆడవాళ్ళు లక్ష దాటారు, మొదటి యుద్ధంలో కూడా 1918లో లక్ష దాకా చేరారు. జాక్ డిలానో అనే ఫోటోగ్రాఫరు ప్రభుత్వం తరఫున 1943 ఏప్రిల్‌లో అయోవా రాష్ట్రం క్లింటన్‌లోని ఇంజన్ షెడ్డులో తీసిన ఒక రంగుల ఫోటో ఉంది. ఇంజన్లు తుడిచే ఆడవాళ్ళు మధ్యాహ్నం బల్ల చుట్టూ కూర్చొని తిండి తింటున్నారు. తలలకు రంగు గుడ్డలు, బట్టల మీద మసి, ఒకామె కెమెరా వైపు కాకుండా ఎటో చూస్తోంది. ఆ ఫోటోను నేను కంప్యూటరులో ఎన్నిసార్లు పెద్దది చేసి చూశానో చెప్పలేను. అవ్వ తట్ట మోసిన రోజుల ఫోటో ఎవరి దగ్గరా లేదు, వెతకడానికి చోటు కూడా లేదు. మేస్త్రీ పుస్తకంలో ఆమె పేరుకు ఎదురుగా వేలిముద్ర పడేది, ఆ పుస్తకం మేస్త్రీతోనే పోయింది.

యుద్ధం ముగిశాక ఏం జరిగిందో త్వరగానే చెప్పవచ్చు, ఎందుకంటే అది త్వరగానే జరిగింది. 1945 ఆగస్టులో జపాను లొంగిపోగానే అమెరికా రైల్వేలకు మెక్సికో నుంచి కొత్త మనుషులను తేవడం ఆపేశారు, ఉన్నవాళ్ళను తిప్పి పంపారు. ఆడవాళ్ళలో ఎక్కువమంది సీనియారిటీ పట్టికల అడుగున ఉన్నారు కాబట్టి సైన్యం నుంచి తిరిగొచ్చిన వాళ్ళకు చోటు ఇచ్చి తప్పుకోవలసి వచ్చింది. మన దేశంలో యుద్ధం కోసం తీసుకున్న తాత్కాలిక ఉద్యోగులను తీసేస్తారన్న భయంతో, జీతాల కోరికలతో అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య 1946 జూన్ 27 నుంచి దేశమంతా సమ్మె చేస్తామని నోటీసు ఇచ్చింది, రాజీ మాటల తర్వాత ఆ సమ్మె ఆగింది. కంట్రాక్టు కూలీల విషయంలో ఏ నోటీసూ లేదు. ఒక సోమవారం పొద్దున అవ్వ తట్ట చంకన పెట్టుకొని పోయేసరికి మేస్త్రీ లేడు. చివరి వారం కూలి ఆరు రోజులది, రెండు రూపాయల నాలుగణాలు, ఆమెకు రావలసే ఉండింది. అవ్వ దాన్ని జీవితాంతం గుర్తుపెట్టుకుంది. ఇంట్లో ఎవరికైనా డబ్బు అప్పిస్తే, తిరిగి ఎప్పుడిస్తావని అడిగి, “మేస్త్రీ ఇచ్చినట్ల ఇస్తావా?” అనేది.

1990లలో మా వైపు మీటర్‌గేజి పట్టాలు తీసి బ్రాడ్‌గేజి వేసే పని వచ్చింది. తాత అప్పటికి పోయాడు. ఒక రోజు అవ్వను కంటి ఆసుపత్రికి తీసుకుపోయి వస్తూ గేటు దగ్గర ఆగాం. నంద్యాల వైపు నుంచి ఊడదీసిన పాత పట్టాలను పేర్చుకొని వ్యాగన్లు నిలబడి ఉన్నాయి. ఆమెకు అప్పటికి చూపు మసక, అయినా ఆ వ్యాగన్ల వైపు కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. యుద్ధం రోజుల్లో ఇలాగే పట్టాలు నింపుకున్న బండ్లు గుంతకల్లు మీదుగా పోవడం ఆమె చూసింది.

“మళ్ళా యుద్దమొచ్చిందేమిరా?” అంది.

లేదవ్వా, పెద్ద లైను వేస్తున్నారు అన్నాను. గేటు తీశారు, రిక్షా కదిలింది. కట్ట మీద తలలకు గుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్ళు వరసగా కంకర తట్టలు ఎత్తుకొని ఎక్కుతున్నారు. అవ్వ వాళ్ళ కాళ్ళ వైపే చూస్తూ అడిగింది.

“కూలి ఎంతిస్తాన్నారంట?”